ట్రైలర్‌కి ప్లగ్ పెడితే అన్నీ పనిచేస్తున్నాయి, తీస్తే ఒక్క లైటూ వెలగట్లేదు

ఫ్రిస్కో_రోడ్‌ట్రిప్:
అందరికీ నమస్కారం. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు) కొన్నాం. ఒంగోలు నుంచి అమ్మా నాన్నా వస్తే అక్టోబర్‌లో గ్రాండ్ కేన్యన్ తీసుకెళ్ళాను. మొదటి రాత్రి సౌత్ రిమ్ మీద ట్రైలర్ విలేజ్‌లో దిగాం. అక్కడ సైటు దగ్గరే కరెంటు ఉంటుంది. 30 ఆంపుల ప్లగ్ పెట్టగానే లైట్లు, ఫర్నేస్ (గ్యాస్‌తో నడిచే హీటర్), మైక్రోవేవ్ అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి.

రెండో రాత్రికి అక్కడ ఖాళీ లేక మేదర్ క్యాంప్‌గ్రౌండ్‌కి మారాం. అక్కడ కరెంటు ఇవ్వరు. బ్యాటరీ ఉంది కదా, ఒంగోలు ఇంట్లో ఇన్వర్టర్ లాగా అదే అందుకుంటుందనుకున్నాను. స్విచ్ వేస్తే ఒక్క లైటూ వెలగలేదు. నీళ్ళ పంపు లేదు. గ్యాస్ సిలిండర్లు నిండుగా ఉన్నాయి, అయినా ఫర్నేస్ రాలేదు. అది దాదాపు 7,000 అడుగుల ఎత్తు. నాన్న మంకీ క్యాప్ మీద అమ్మ శాలువా చుట్టుకుని, మంచం మీద ముడుచుకుని కూర్చున్నారు. ఎప్పుడు అడిగినా "నాకేం చలి లేదురా" అనే అన్నారు. ఆ మాట నన్ను ఇంకా వదలట్లేదు.

బ్యాటరీ కొత్తది, బయల్దేరే ముందు రోజు నేనే బిగించాను. ట్రైలర్ ముందు భాగాన్ని పైకెత్తి దించే ఎలక్ట్రిక్ జాక్ మాత్రం మామూలుగానే తిరుగుతోంది. అదే నాకు అర్థం కావట్లేదు. బయటి కరెంటుని 12 వోల్టులకు మార్చే కన్వర్టర్ పోయినట్టేనా? కొత్తది కొనమంటారా?

కొలంబస్_క్యాంపర్:
బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ చూశారా? చాలా ట్రైలర్లలో తలుపు పక్కనే ఉంటుంది.

ఫ్రిస్కో_రోడ్‌ట్రిప్:
చూశానండీ, ఆన్‌లోనే ఉంది.

ఫీనిక్స్_పదకొండేళ్ళుగా:
తమ్ముడూ, కన్వర్టర్ ఇప్పుడే కొనకు.

ఇంటి ఇన్వర్టర్‌తో పోల్చుకుంటే తికమక వస్తుంది. ట్రైలర్‌లో రెండు సంసారాలు వేరువేరుగా నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడ ప్లగ్గులు 120 వోల్టులవి. వాటికి బయటి కరెంటు గానీ జనరేటర్ గానీ కావాలి. ఇన్వర్టర్ విడిగా పెట్టించుకుంటే తప్ప బ్యాటరీ వాటి జోలికి పోదు. లైట్లు, పంపు, ఫర్నేస్ ఫ్యాను, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు 12 వోల్టులవి. ప్లగ్ పెట్టినా పెట్టకపోయినా ఇవి 12 మీదే నడుస్తాయి. ప్లగ్ ఉన్నప్పుడు కన్వర్టర్ 120ని 12 చేసి వీటికి ఇస్తూ, బ్యాటరీని కూడా నింపుతుంది. ప్లగ్ తీయగానే అదే దారిలో బ్యాటరీ నుంచి కరెంటు లోపలికి రావాలి.

ట్రైలర్ విలేజ్‌లో లైట్లు వెలిగాయి కాబట్టి కన్వర్టర్ బాగానే ఉంది. జాక్ వైరు సాధారణంగా నేరుగా బ్యాటరీకే వెళ్తుంది. అది తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ కూడా బాగానే ఉంది. తెగింది ఆ రెంటి మధ్య దారే.

ఫ్యూజుల ప్యానెల్ తలుపు తీసి చూడు. చిన్న ఫ్యూజులతో పాటు పక్కపక్కనే రెండు పెద్దవి ఉంటాయి, ఎక్కువగా 30 లేదా 40 ఆంపులవి. బ్యాటరీ వైర్లు తిరగేసి తగిలిస్తే అవి పోయి కన్వర్టర్‌ని కాపాడతాయి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. బ్యాటరీ బిగించేటప్పుడు నల్ల వైరు ఎటు పెట్టావు?

ఫ్రిస్కో_రోడ్‌ట్రిప్:
కారులో లాగే నల్లది నెగటివ్‌కి పెట్టాను అన్నా. చిటుక్కుమని నిప్పురవ్వ వచ్చింది. వెంటనే తీసేసి, పాత బ్యాటరీ ఫొటో ఫోన్‌లో ఉంటే చూసి మార్చాను. క్షణం కూడా తగల్లేదు కదా, ఏమీ కాలేదనుకున్నాను.

ఇప్పుడే ప్యానెల్ తీసి చూశాను. రెండూ 40 ఆంపులవి. లోపలి తీగ మధ్యలో తెగి, ప్లాస్టిక్ మీద నల్లటి మసి ఉంది.

ఫీనిక్స్_పదకొండేళ్ళుగా:
ఆ క్షణం చాలు. ట్రైలర్ల 12 వోల్టుల వైరింగ్‌లో చాలావరకు నల్లదే పాజిటివ్, తెల్లది నెగటివ్. కారు అలవాటుతో బిగించేవాళ్ళందరికీ ఇక్కడే దెబ్బ తగులుతుంది. మీ అమ్మానాన్నల చలికి నువ్వు బాధపడుతున్నావు గానీ, రిపేరు మాత్రం రెండు ఫ్యూజులే.

ప్లగ్ తీసెయ్, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పు. అవే 40 ఆంపుల ఫ్యూజులు వెయ్, అంతకంటే పెద్దవి మాత్రం వద్దు. వైరు తిరిగి బిగించి, ప్లగ్ పెట్టి, మల్టీమీటర్ బ్యాటరీ టెర్మినళ్ళ మీద ఆనించు. 13 పైన చూపిస్తే ఛార్జ్ ఎక్కుతున్నట్టు. ప్లగ్ తీసి కాసేపు ఆగాక 12.6 దగ్గర ఉంటే నిండినట్టే. 12.1కి దిగిందంటే సగం అయిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీని అంతకంటే కిందికి పోనివ్వకు, తొందరగా పాడవుతుంది.

కొలంబస్_క్యాంపర్:
ఇంకొకటండీ. ట్రైలర్ ఊడిపోతే బ్రేకులు వేసే బ్రేక్‌అవే స్విచ్ కూడా ఆ బ్యాటరీ మీదే ఆధారం. షోర్ పవర్ (సైటులో ఇచ్చే బయటి కరెంటు) ఉండే చోట్లకే వెళ్తాం కదా అని కొందరు బ్యాటరీ తీసేసి లాగుతుంటారు. దయచేసి అలా చేయకండి. అలాగే చలి రాత్రి ఫర్నేస్ ఫ్యాను ఒక్క బ్యాటరీని తెల్లారేసరికి ఖాళీ చేసేయగలదు. పెద్దవాళ్ళతో మళ్ళీ వెళ్ళేటప్పుడు రెండోది పెట్టించండి.

ఫ్రిస్కో_రోడ్‌ట్రిప్:
ఫ్యూజులు వేశాను. ప్లగ్‌తో 13.6 చూపిస్తోంది. ప్లగ్ తీసినా లైట్లు వెలుగుతున్నాయి, ఫర్నేస్ వస్తోంది. నాన్నని పిలిచి చూపించాను. రెండో బ్యాటరీకి ముందున్న ఫ్రేము మీద చోటుందేమో రేపు కొలుస్తాను.