గ్వాంగ్‌హ్వామున్: నడుమ ఉన్న ఆ "హ్వా"కి తెలుగేమిటి?

వలసపక్షి: సియోల్‌లో గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజప్రాసాదం దక్షిణపు వాకిలి చూసొచ్చాను. గ్వాంగ్ అంటే వెలుగు, మున్ అంటే వాకిలి. ఆ పేరు వెనక గైడు ఒక పాత చీనా వాక్యం చెప్పింది, సగమే గుర్తుంది: "వెలుగు నాలుగు దిక్కులా కమ్ముకుంటుంది, ____ పదివేల చోట్లకు అందుతుంది." ఆ ఖాళీలో ఉన్నదే హ్వా. "మార్పు" అని పెడితే ఎన్నికల నినాదంలా ఉంది. ఇంకేం పెట్టొచ్చు?

పాత నిఘంటువు: మార్పు కాదండీ. రాజు నడత చూసి జనం తమంతట తామే బాగుపడటం. మొదటి సగం షూజింగ్ అనే పాత చీనా గ్రంథంలో యావో చక్రవర్తిని పొగిడే చోటుది. 1395లో కట్టినప్పుడు ఈ పేరు లేదు, తర్వాత సేజోంగ్ రాజు కొలువులోని పండితులు పెట్టారు. "సంస్కారం" అనండి, సరిపోతుంది.

చెట్టుకింద: సంస్కారం అంటే ఇప్పుడు పెద్దలకి దణ్ణం పెట్టడం, లేదంటే కాటికి తీసుకెళ్ళాక చేసేది. నా ఓటు "ఒరవడి"కి. పంతులు పలక మీద పైన రాసిస్తే పిల్లలు కింద దిద్దుకున్నట్టు, రాజు రాస్తాడు జనం దిద్దుకుంటారు.

పాత నిఘంటువు: ఒరవడి పదివేల చోట్లకు "అందుతుందా"? క్రియ కుదరలేదు.

కాఫీపొడి: ఒరవడి అంటే గుర్తొచ్చింది, కొరియావాళ్ళ గొడవంతా ఆ వాకిలి మీది పేరు బోర్డు దస్తూరీ మీదే. 1968లో కాంక్రీటుతో కట్టినప్పుడు అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ తన చేత్తో కొరియా లిపి హంగుల్‌లో రాసిచ్చాడు. మళ్ళీ చెక్కతో కట్టి 2010 ఆగస్టు 15న తెరిచినప్పుడు చీనా అక్షరాలు, తెల్ల పలక మీద నలుపు. అది కొన్ని నెలలకే పగిలింది. పాత ఫోటోలు చూసి తేల్చుకుని 2023లో నల్ల పలక మీద బంగారు అక్షరాలు పెట్టారు. హంగుల్ సృష్టించిన సేజోంగ్ విగ్రహం ఎదురుగానే ఉంది, ఆయన మాత్రం ఆ చీనా బోర్డుకి వీపు తిప్పి కూర్చున్నాడు.

హల్లులు: అర్థం తర్వాత, ముందు పలకండి. మనలో సగం మంది "గ్వాంగ్‌వ్హామున్" అంటారు, జిహ్వని జివ్హ అన్నట్టు. కొరియా లిపిలో హ, ఒ, ఆ, ఈ వరసలోనే ఉంటాయి. హ ముందు రావాల్సిందే. పోతనగారు "ప్రసన్నుండు వి" దగ్గర పాదం విరిచి, నాలుగో పాదం "హ్వల నాగేంద్రము" అని ఎత్తుకున్నారు, గుర్తుందా? యతి "కుయ్యాలించి"లో య్యాతో. అంటే ఆయన చెవికి ముందు వినిపించింది హ.

పాత నిఘంటువు: అది రుజువు కాదు తమ్ముడూ. సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి వేసుకోవచ్చు. వ్హ అని పలికినా హ అక్కడే ఉంటుంది, య్యాతో మైత్రి చెడదు.

హల్లులు: చెడదు సరే, పాదం మొదట్లో "వ్హల" అని ఎత్తుకుని చదివి చూడండి మాష్టారూ, ఏనుగు కాస్తా కప్పలా వినిపిస్తుంది.

చెట్టుకింద: పోతన దాకా వచ్చారు కాబట్టి, ఆ పద్యంలోనే "పురంబులో నగరిలో" ఉంది. పురంలో మళ్ళీ నగరేమిటని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నగరు అంటే రాజుగారి ఇల్లు. గ్యోంగ్‌బోక్‌గుంగ్‌ని "నగరు" అనేస్తే, ఇది నగరివాకిలి. "గ్వాంగ్‌హ్వామున్ ద్వారం" అని రాసేవాళ్ళ బాధ తప్పుతుంది, వాకిలి ద్వారం ఏమిటి, గేటు తలుపులా!

కాఫీపొడి: సింహద్వారం అంటే పోదా? ముందు రెండు రాతి బొమ్మలున్నాయిగా.

పాత నిఘంటువు: అవి సింహాలు కావు, హేచి. నిప్పు నుంచి కాపాడుతుందని, తప్పొప్పులు కనిపెడుతుందని నమ్మే జంతువు. పాపం 1592 యుద్ధంలో ఆ నగరు మొత్తం కాలిపోయింది, 1860ల్లో గానీ మళ్ళీ లేవలేదు.

కాఫీపొడి: అయితే హేచిద్వారం 😀

వలసపక్షి: అందరికీ థాంక్సండీ, కానీ నా ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది.

హల్లులు: మాష్టారూ, "కప్ప" మాటకి మీరింకా జవాబివ్వలేదు.