రాతి నేలా, రాళ్ళ నేలా?

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా, పొట్టంగి వైపు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి వస్తే తగిలే ఊళ్ళు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో దేశియా. సాయంత్రాలు నలుగురు పిల్లలకి పాఠాలు చెబుతాను. మొన్న ఒక బాబు భూగోళం నోట్సులో "ఎత్తైన కొండల అడవుల్లో ఉండేది రాతి నేల, రాతి నేలలో ఏమీ మొలవదు" అని రాసుకొచ్చాడు. తప్పు అని కొట్టేయబోయి ఆగిపోయాను. వాడి ఇంటి వెనకే కొండ, కొండ నిండా రాళ్ళు, ఆ రాళ్ళ మధ్యనే చెట్లు. రోజూ కళ్ళతో చూసేదానికి వ్యతిరేకంగా ఎందుకు రాశాడా అని ఆలోచిస్తే, తప్పు వాడిది కాదు, ఆ మాటే అలా రాయించింది అనిపించింది.

"రాతి" అనగానే మనకి వచ్చేవి రాతి గోడ, రాతి స్తంభం, రాతి గుండె. అంటే రాయితోనే అయినది, ఆసాంతం రాయి. అదే "రాళ్ళ దారి" అంటే దారి రాయితో చేశారని కాదు, దారిలో రాళ్ళున్నాయని. ఒకటి ఏకవచనం మీద పుట్టిన రూపం, ఇంకోటి బహువచనం మీద పుట్టినది, అంతే తేడా, కానీ అర్థం ఎంత దూరం వెళ్ళిపోయిందో చూడండి. పైగా నేల అంటే గచ్చు కూడా కదా, "రాతి నేల" అంటే గుడిలో పరిచిన బండలు కూడా కావచ్చు. కొండ అడవిలో ఉండేదాన్ని "రాళ్ళ నేల" అనాలి, "రాతి నేల" అనకూడదు అని నా వాదన.

మరి రాతి నేల అనే మాట తప్పా అంటే కాదు, దానికి దాని చోటు ఉంది. బైబిల్లో విత్తువాని ఉపమానం మా వైపు చాలామందికి కంఠస్థం. అందులో రాతినేల మీద పడిన విత్తనం మన్ను లోతు లేకపోబట్టి వెంటనే మొలుస్తుంది, ఎండెక్కగానే వేరు లేక మాడిపోతుంది. అక్కడ ఆ మాట సరిగ్గా అతికింది, ఎందుకంటే అది కింద పరుపు బండ, పైన పలచగా మన్ను ఉన్న చోటు. మా కొండల్లోనూ అలాంటి చోట్లు ఉన్నాయి. వానాకాలం మొదట్లో అన్నిటికంటే ముందు పచ్చబడేవీ అవే, పది రోజులు వాన ముఖం చాటేస్తే ముందు ఎండేవీ అవే.

నాకు ఆశ్చర్యం వేసింది ఏంటంటే, నేలల శాస్త్రంలోనూ ఈ తేడా కనబడుతుంది. ప్రపంచ నేలల వర్గీకరణలో లెప్టోసోల్స్ అని ఒక తరగతి ఉంది, గ్రీకులో లెప్టోస్ అంటే పలచనిది. ఆ పేరు పెట్టడానికి ముఖ్యంగా రెండు కొలతలు చూస్తారు, ఏది కుదిరినా సరే. ఒకటి, పైనుంచి 25 సెంటీమీటర్ల లోపే గట్టి బండ తగలాలి. ఇది మన రాతి నేల. రెండోది, బండ తగలకపోయినా 75 సెంటీమీటర్ల లోతు దాకా సగటున మెత్తటి మన్ను 20 శాతానికి తక్కువ ఉండి, మిగతాదంతా రాళ్ళే కావాలి. ఇది రాళ్ళ నేల. మెత్తటి మన్ను అంటే 2 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగేది, పైన మిగిలినదంతా రాయి కిందే లెక్క. మా కొండలన్నీ ఈ తరగతిలోకి రావు, చాలాచోట్ల ఎర్ర మన్ను లోతుగానే ఉంటుంది, రాళ్ళు అందులో కలిసి ఉంటాయి.

ఇక మొలవదు అన్న మాట. అడవిలో మొక్క పెట్టడానికి గొయ్యి తవ్విన వాళ్ళకి తెలుసు, గునపం వేస్తే ఠంగుమంటుంది, కానీ ఆ రాయిని పెళ్ళగిస్తే కింద చెమ్మ ఉంటుంది, నల్లటి మన్ను ఉంటుంది, సన్న వేళ్ళు రాయిని పట్టుకుని ఉంటాయి. రాయి మూతలా పనిచేస్తుంది. చినుకు దెబ్బ మన్ను మీద పడనివ్వదు, ఎండకి చెమ్మ ఆరిపోనివ్వదు. రాలిన ఆకు కుళ్ళి చేరేది కూడా ఆ కొద్దిపాటి మన్నులోకే కాబట్టి అది అంత నల్లగా ఉంటుంది. ఇబ్బంది లేదని కాదు. 40 సెంటీమీటర్ల లోతు ఉండి సగం రాళ్ళే అయితే, నీళ్ళు పట్టే మన్ను 20 సెంటీమీటర్లదే. చెట్టు బతికేది వేళ్ళు రాతి పగుళ్ళలోకి దూరి అక్కడి చెమ్మ వెతుక్కోవడం వల్ల.

ఆ బాబు పాఠంలో ఉన్నది హిమాలయాల గురించి. అక్కడ పగుళ్ళలో నీళ్ళు గడ్డకట్టి, గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి, రాయిని చీలుస్తాయి, అందుకే ఆ రాళ్ళకి అంచులు పదునుగా ఉంటాయి. చలికి ఆకు కూడా తొందరగా కుళ్ళదు. మా దేవమాలి కొండ ఒడిశాలోకెల్లా ఎత్తైనదే అయినా 1672 మీటర్లు, ఇక్కడ రాయిని కొరికేవి వేడి, వాన, వేళ్ళు. ఇక్కడ ఎక్కువగా దొరికే రాయి ఖొండలైట్, ఆ పేరు ఖోండు గిరిజనుల పేరు మీదే వచ్చింది. అది మెల్లగా ఎర్ర మన్నుగా మారుతూ ఉంటుంది.

మా అమ్మమ్మ "కొండ మీద ఏటేటా రాళ్ళు పెరుగుతాయి" అనేది. చిన్నప్పుడు నిజంగా పెరుగుతాయనుకున్నాను. చెట్లు పోయిన వాలులో మెత్తటి మన్ను గెడ్డలోకి, అంటే వాగులోకి, కొట్టుకుపోతుంది, రాళ్ళు అక్కడే ఉండిపోతాయి, చూసేవాళ్ళకి రాళ్ళు పెరిగినట్టే. పోడు వదిలేసి మళ్ళీ కొట్టడానికి మధ్య ఏళ్ళు తగ్గిపోయాక ఇది ఇంకా ఎక్కువైంది.

ఈ పోస్టుకి వచ్చిన కామెంట్లకి ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

"గరువు అంటే సరిపోదా" అని అడిగిన అక్కకి: మా వైపు గరువు అంటే మెరక, నీరు పారని భూమి. పల్లానికి ఎదురు మాట. అందులో రాళ్ళు ఉండాలని ఏమీ లేదు, చోళ్ళు (రాగులు) వేసే మంచి గరువులున్నాయి. రాళ్ళని చెప్పే మాట గరుసు, కానీ అది ముతక ఇసుక, సన్న రాళ్ళ దాకానే. అమెరికా నేలల శాస్త్ర పద్ధతి 2 మిల్లీమీటర్ల నుంచి 7.5 సెంటీమీటర్ల దాకా ఒకే తరగతి అంటుంది, మనకి అందులోనే గరుసు, కంకర, గులకరాయి ఉన్నాయి. 60 సెంటీమీటర్లు దాటినది మనకి గుండు. ఇన్ని మాటలుండి పుస్తకంలో ఒక్క రాతి దగ్గర ఆగిపోవడం నాకు బాధగా ఉంది.

"శిలామయ మృత్తిక" సూచించిన మాస్టారికి: గౌరవంతోనే చెబుతున్నానండీ, శిలామయం అన్నా పిల్లవాడికి మళ్ళీ రాయితో అయినది అనే తోస్తుంది. వచ్చిన చిక్కే మళ్ళీ వస్తుంది.

సిరొంచ నుంచి రాసిన తమ్ముడికి: మీ మొరం ఇక్కడా వాడతారు, రోడ్డు పనుల్లో. అది కింద రాయి విరిగి పొడైన పొర, దాన్ని పైన ఉండే అడవి మన్నుకి పెట్టలేం. మీ దగ్గర అడవి మన్నుకి వేరే మాట ఉంటే చెప్పు.

బాబు నోట్సులో "రాళ్ళ నేల" అని దిద్దించాను. రాళ్ళ సందుల్లో చేరే ఆ నల్ల మన్నుకి మాత్రం మా ఇంట్లో ఎవరికీ ప్రత్యేకమైన పేరు తెలియదు, ఆకుమన్ను అనే అంటాం. పార్లాకిమిడి, గుణుపురం, మల్కాన్‌గిరి వైపు వాళ్ళు మీ పెద్దవాళ్ళని అడిగి రాయగలరా?