మేరో దక్షిణనా, మేరోర్దక్షిణనా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మొన్న వ్రతంలో సంకల్పం చెప్పుకుంటుంటే డౌట్ వచ్చింది. పంతులు గారు "మేరోర్దక్షిణ దిగ్భాగే" అన్నారు, నా దగ్గరున్న పుస్తకంలోనేమో "మేరో దక్షిణ" అని ఉంది. ఏది కరెక్ట్? ఇంకోటి, మేముండేది డాలస్‌లో, ఇక్కడ కూర్చుని మేరువుకి (పురాణాల్లో లోకం నడుమ ఉండే కొండ) దక్షిణాన ఉన్నాం అనొచ్చా? మా అమ్మాయి అడిగింది, చెప్పలేకపోయా.

— పంతులు గారన్నదే రైటండి. గురు శబ్దం లాగే మేరు కూడా ఉకారాంతం, గురువు యొక్క అంటే గురోః, మేరువు యొక్క అంటే మేరోః, పక్కన ద వచ్చింది కాబట్టి ఆ విసర్గ కాస్తా రేఫ (ర్) అవుతుంది, గురోరంఘ్రిపద్మే అని రోజూ చదివేవాళ్ళకి ఇది అలవాటే. విసర్గ మింగేసి మేరో అన్నారనుకోండి, అది సంబోధన, "ఓ మేరువా" అని పిలిచినట్టు. అడ్రస్ చెప్పాల్సిన చోట పిలుపు వచ్చి కూర్చుంటుంది. దయచేసి పుస్తకంలో పెన్నుతో దిద్దుకోండి, రేపు మీ అమ్మాయి దాన్ని చూసే నేర్చుకుంటుంది.

ఈ మాటంటే నాకు ప్రాణం, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. సంకల్పంలో రెండు కొండలొస్తాయి చూడండి. శ్రీశైలం దగ్గర దిక్కు ఊరిని బట్టి మారిపోతుంది, హైదరాబాద్‌లో వాయవ్య ప్రదేశే అంటాం, విశాఖలో ఈశాన్య, తిరుపతిలో ఆగ్నేయ. మేరువు దగ్గర మాత్రం అందరిదీ దక్షిణమే. పురాణాల్లో భరతవర్షం (వర్షం అంటే ఇక్కడ భూభాగం) మేరువుకి దక్షిణం, బౌద్ధుల్లో సుమేరువు చుట్టూ ఉన్న నాలుగు ద్వీపాల్లో మన జంబూద్వీపం దక్షిణానిది, జైనుల జంబూద్వీపంలో భరతక్షేత్రం దక్షిణపు కొసన ఉంటుంది. మేరువు కొలతలు వేరు, విష్ణుపురాణంలో భూమి పైన 84,000 యోజనాలు (యోజనం పాతకాలపు దూరపు కొలత) లోపల 16,000, జైనుల్లో పైన 99,000 లోపల 1,000, అయినా కూడితే రెండు చోట్లా లక్షే! బౌద్ధుల గ్రంథం అభిధర్మకోశం అయితే నీళ్ళ పైన 80,000, నీళ్ళలో 80,000 అంటుంది. అందులోనే ఇంకో అద్భుతమైన ముక్క ఉంది, సుమేరువు దక్షిణపు ముఖం వైడూర్యమట (మన నవరత్నాల్లో పిల్లికన్ను రాయి కాదు, ఇక్కడ నీలపు రాయి), ఆ రంగు పడే మన వైపు ఆకాశం నీలంగా ఉంటుందట. అది చదివిన రోజు సాయంత్రం డాబా మీద కూర్చుని చీకటి పడేదాకా పైకి చూస్తూనే ఉన్నా.

డాలస్ సంగతి. నిశ్చింతగా చెప్పుకోండి. "సర్వేషాం ద్వీపవర్షాణాం మేరురుత్తరతో యతః" అని విష్ణుపురాణమే అంటోంది, అన్ని ద్వీపాలకీ అన్ని వర్షాలకీ మేరువు ఉత్తరమే, ఎవరికి సూర్యుడు ఎక్కడ కనిపిస్తే వాళ్ళకదే ఉదయం. ఆర్యభటుడైతే మేరువుని ఉత్తర ధ్రువం దగ్గర పెట్టి దాని ఎత్తు ఒక్క యోజనమే అన్నాడు. ఆ లెక్కన చూసినా మీరు దక్షిణానే ఉన్నారు.

— మా ఇంట్లో జపమాలలో పెద్ద పూసని మేరువు అంటారు, జపం చేసేటప్పుడు దాన్ని దాటకూడదు, అక్కడి దాకా వచ్చి వెనక్కి తిప్పాలి. అదీ ఈ మాటేనా అండీ?

— అదే అండీ. త్రిమితి శ్రీచక్రాన్ని మేరువు అనేదీ ఇదే.

— థాంక్సండీ, పుస్తకంలో దిద్దేశా. అమ్మాయి ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని తన రూమ్ కిటికీ మేరువు వైపుందా లేదా అని చూస్తోంది. ఇక్కడ కొందరు సంకల్పంలో జంబూద్వీపే బదులు క్రౌంచద్వీపే అంటున్నారు, అదేంటి? కృష్ణాగోదావర్యోః లో ఉన్నదీ ఇదే ఓః యేనా?

— క్రౌంచం పురాణాల సప్తద్వీపాల్లో అయిదోది, అది అమెరికాయే అనడం గురించి పెద్ద చర్చే ఉంది, మీ పంతులు గారి సంప్రదాయం ఎలా ఉంటే అలా వెళ్ళండి. గోదావర్యోః మాత్రం వేరు, అది ద్వివచనం, రెండు నదుల మధ్య అని. మీరు డాలస్‌లో ఉన్నారు కాబట్టి అక్కడ మీ ఊరి నది పేరు పెట్టుకోవాలి, ఒకటే నది అయితే ఆ ఓః ఉండదు.