నర్సింగ్‌లో చేరేముందు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) సేవ చేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

ప్రశ్న – లంక అమ్మాయి:
మాది పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్య లంక ఊరు. బైపీసీ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. నర్సింగ్ చదవాలని ఉంది. రక్తం చూసి తట్టుకోలేనని అమ్మ భయం. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఈ సెలవుల్లో వాలంటీర్‌గా చేస్తే నా సంగతి నాకు తెలుస్తుంది. ఎవరిని అడగాలి? సర్టిఫికెట్ ఇస్తే సీటుకి పనికొస్తుందా?

జవాబు – స్టాఫ్ నర్సు, కాకినాడ:
సర్టిఫికెట్ చూసి సీటు ఇవ్వరు చెల్లీ. అయినా వెళ్ళు.

2022 జూలైలో గోదావరి వరదకి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు నేను ఇంటర్ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. మా ఊరి ఆశా కార్యకర్త అక్క వెంట పునరావాస శిబిరానికి వెళ్ళాను. సూదులు మనల్ని ముట్టుకోనివ్వరు, ముట్టుకోకూడదు కూడా. నాకిచ్చిన పని ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచడం. ఒకావిడ సగం ప్యాకెట్ గ్లాసుడు నీళ్ళలో వేసి, విరేచనాలవుతున్న పిల్లాడికి తాగించబోతోంది. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళకి సరిపడా ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే బిడ్డకి ఇంకా ప్రమాదం. "అలా కాదు, తప్పు" అని అరిచాను. ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసి మొహం తిప్పేసుకుంది. ఆశా అక్క లీటరు సీసా తెచ్చి, పక్కన కూర్చుని, ఆవిడ చేతే కలిపించింది. "రేపటికి మిగిలితే పారబోసి కొత్తది కలుపుకో అమ్మా" అంది. ఇప్పటికీ వార్డులో ఎవరికి మందు చెప్పినా వాళ్ళ చేతికిచ్చి చేయించి చూస్తాను.

రక్తం గురించి బెంగపడకు. మొదటిసారి నాకూ కళ్ళు తిరిగాయి. ఖాళీ కడుపుతో వెళ్ళకు. తూలినట్టనిపిస్తే సిగ్గుపడకుండా వెంటనే కింద కూర్చో.

జవాబు – ఏఎన్ఎం (ఊళ్ళో తిరిగే ఆరోగ్య కేంద్రం నర్సు):
మీ పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ గారిని అడుగమ్మా. బుధ, శనివారాల్లో టీకాలు వేస్తాం. కార్డులు చూసి పేర్లు పిలవడం, టీకా అయ్యాక అరగంట ఆగమని తల్లులకి చెప్పడం, ఇవన్నీ నువ్వు చేయగలవు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఎవరికి ఏ జబ్బో పంటు (ఏరు దాటించే పడవ) మీద మాట్లాడకూడదు. అందరూ ఒకరికొకరు తెలిసిన ఊళ్ళు మనవి. నీ హెపటైటిస్-బి టీకాలు పూర్తయ్యాయో లేదో కూడా చూసుకో.

లంక అమ్మాయి:
శనివారం మొదటి పంటుకే వెళ్తాను. అమ్మ కూడా వస్తానంటోంది, తీసుకెళ్ళొచ్చా?

ఏఎన్ఎం:
తీసుకురా. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు మాకెప్పుడూ తక్కువే.