ప్రగతి స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండూ తీసుకోవచ్చా?

లోను జోలికి పోకుండా బీటెక్ గట్టెక్కించే లెక్క ఇది, తెలిసినవాళ్లు సరిచూడండి. తెలంగాణ, బీసీ అమ్మాయి, కన్వీనర్ కోటా సీటు, ఈఏపీసెట్ ర్యాంకు 10,000 దాటింది. కాబట్టి ఈపాస్‌లో (రీయింబర్స్‌మెంట్ ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్) ఫీజు మొత్తం రాదు, 35,000 వరకే. కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష. మిగతా 65,000లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్య కేంద్ర మండలి) అమ్మాయిలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 వస్తే చేతినుంచి పెట్టేది 15,000 మాత్రమే.

చిక్కల్లా ఒక్కటే. ప్రగతి తీసుకునేవాళ్లు వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదంటారు. ఈపాస్‌లో ట్యూషన్ ఫీజు, మెయింటెనెన్స్ ఫీజు (విద్యార్థి ఖర్చులకిచ్చే డబ్బు) వేర్వేరు కదా. మెయింటెనెన్స్ వదులుకుంటే సరిపోతుందా, ట్యూషన్ ఫీజు కూడా అడ్డమేనా? ప్రగతికి దరఖాస్తు మొదటి ఏడాదిలోనే (లేటరల్ ఎంట్రీ అయితే రెండో ఏడాదిలో) పెట్టాలి, తర్వాత రెన్యూవలే. అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. రెండింట్లో ఒకటే అంటే నా ఓటు ప్రగతికే. రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందో ఆ దేవుడికే ఎరుక.

ఇంకోటి: టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. బ్యాంకులో ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ జోడించడం) చేయించకముందే ఆధార్ సరిచేయించాలా? ఈ రెండేళ్లలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు సరిచూసే నోడల్ ఆఫీసర్ వెరిఫికేషన్ దాటినవాళ్లు చెప్తే మేలు.