రిటైరైతే ప్రిన్సిపాల్‌పై విచారణ ఆగిపోతుందా?

ప్రశ్న (కడప అధ్యాపకుడు): మా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో విద్యార్థుల ప్రత్యేక రుసుము నిధిని సొంతానికి వాడుకున్నారన్న ఆరోపణపై ప్రిన్సిపాల్ గారిని సస్పెండ్ చేసి, అభియోగ పత్రం కూడా ఇచ్చారు. వచ్చే నెలలో ఆయన పదవీ విరమణ చేయవలసి ఉంది. విచారణ అంతటితో ముగిసినట్లేనా?

జవాబు (కర్నూలు): ఆగదండీ. 1991 నాటి సి.సి.ఎ. నియమాల (ప్రభుత్వోద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు) కింద ఉద్యోగంలో ఉండగా మొదలైన విచారణ, 1980 నాటి సవరించిన పింఛను నియమాలలోని 9వ నియమం ప్రకారం విరమణ తర్వాత కూడా కొనసాగుతుంది. తీవ్రమైన దుష్ప్రవర్తన రుజువైతే పింఛనులో కోత విధించడానికీ, నష్టాన్ని రాబట్టడానికీ ప్రభుత్వానికి అధికారం ఉంది. ముందుగా అభియోగ పత్రం ఇవ్వని పక్షంలోనే నాలుగేళ్లు దాటిన వ్యవహారాన్ని తిరగదోడడం కుదరదు.

జవాబు (అనంతపురం, విశ్రాంత సూపరింటెండెంటు): పై మిత్రులు చెప్పినది సరే గానీ, అసలు బలం కాగితాల్లో ఉంటుంది. నేను చూసిన ఒక ఫైలులో రెండు నెలల ఎడంతో కొన్నట్లు చూపిన సామగ్రికి బిల్లుల నంబర్లు మాత్రం వరుసగా ఉన్నాయి. అంటే అవన్నీ ఒకేసారి రాయించినవన్నమాట. ఆ తర్వాత ఆ ఫైలులోని ఉద్యోగి వాదన నిలబడలేదు. నగదు పుస్తకాన్ని ఓచర్లతోనూ, బ్యాంకు స్టేట్‌మెంటుతోనూ సరిపోల్చమనండి.

జవాబు (కడప): విచారణ నివేదిక ప్రతిని ప్రిన్సిపాల్ గారికిచ్చి సమాధానం తీసుకోకుండా శిక్ష వేస్తే, ఇ.సి.ఐ.ఎల్. (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కేసులో 1993 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డొస్తుంది. అనకూడదు గానీ, మన కార్యాలయాలు తొందరలో తప్పటడుగు వేసేది ఇక్కడే.