విజయనగరం గ్రూపు - ఆదివారం ప్రోగ్రాం: హాలు సంగతి, అర్జెంటు

గంటస్తంభం: నాలుగు రోజులే ఉన్నాది. బేనరు, బేడ్జీలు, మెమెంటోలు ఎవరు చూస్తన్నారో రాత్రికల్లా చెప్పండి. పొద్దున 9కి బొబ్బిలి వీణ, 11కి హరికథ, మధ్యాన్నం కన్యాశుల్కంలో రెండు సీన్లు, సాయంత్రం తప్పెటగుళ్లు, రాత్రి జముకులకథ. ఇదే ఫైనల్.

మూడులాంతర్లు: కాదు బాబాయ్. ఇప్పుడే హాలు నుంచొస్తన్నాను. స్టేజికి కొత్త చెక్క ఏసేరట, గజ్జెలు కట్టుకుని పదహారు మంది గెంతితే ఇరిగిపోద్దంట. తప్పెటగుళ్లు వద్దంటన్నారు. 6కి తాళం కూడా ఏసేస్తారట. అడ్వాన్సు సంగతి అడిగితే హాలు మేనేజరు పెన్ను మూత తియ్యడం, పెట్టడం, తియ్యడం. నా మొఖం చూస్తే ఒట్టు.

డాలస్ అప్ప: పోనీ ఆ ఐటెం తీసేద్దాం. ఇక్కడ మా పిల్లల ఫ్యూజన్ డ్యాన్సు వీడియో ఉంది, అది వేయండి. డొనేషన్ ఇచ్చినవాళ్ళు కూడా అడుగుతున్నారు.

మూడులాంతర్లు: తీసీడానికి అదేటి ఐటెమా అప్పా? గొర్రెలు కాసుకునేవోళ్ళు రేకు తప్పెట గుండెకి కట్టుకుని ఆడతారు. 1892లో కన్యాశుల్కం మొదట ఆడిన ఊళ్ళో గజ్జెలకి చోటు లేదా? డబ్బులు మీవి, సరే. ఊరు కూడా కొనీసినారేటి?

గంటస్తంభం: ఒరే, ఆ ఆఖరి మాట తీసెయ్.

డాలస్ అప్ప: ఉంచనీ బాబాయ్.

డాలస్ అప్ప: నిద్ర పట్టలేదు, ఇక్కడ తెల్లవారుజాము మూడు. అసలు ఆ తప్పెటగుళ్ల వాళ్ళు స్టేజి అడిగారా? చిన్నప్పుడు పండక్కి మా వీధిలో మట్టిలోనే కదా ఆడేవారు. దుమ్ము లేచి నానమ్మ కొంగు అడ్డం పెట్టుకునేది.

మూడులాంతర్లు: అడగలేదప్పా. మనమే స్టేజి స్టేజి అన్నాం. మాట తూలేను, ఏటీ అనుకోకు.

నెల్లిమర్ల మావ: ధాన్యం ఇంకా రాలేదు, మా మిల్లు కళ్లం ఖాళీయే. సిమెంటు గచ్చు, మధ్యాన్నం కాలిపోద్ది గానీ 5 దాటితే నీళ్ళు జల్లుకోవచ్చు. రాత్రి 10 తర్వాత మాత్రం మైకు పెట్టనివ్వను, కేసయిపోద్ది.

గంటస్తంభం: జముకుకి మైకెందుకు మావా, నరం లాగితే వీధి చివరకి వినబడద్ది. పగటి మూడూ హాల్లో, సాయంత్రం నుంచి కళ్లంలో.

డాలస్ అప్ప: వీడియో వద్దులే. ఆ స్క్రీను అద్దెతో జనానికి ఆటోలు పెట్టండి. ఆడేవాళ్ళకి ముందే భోజనం పెట్టకండి, గెంతలేరు పాపం. తర్వాత వేడిగా పెట్టండి.

నెల్లిమర్ల మావ: మూల ఊక కుప్పుంది, గాలేస్తే కళ్ళల్లో పడద్ది. శనివారం 4కి నలుగురు రండి. పారలు నాకాడున్నాయి, చీపుర్లు మీవే.

మూడులాంతర్లు: నానొస్తాను మావా. ఇద్దరు గుంటల్ని కూడా తెస్తాను.